ఎర్ర లైటు గీజరు

నిదానం మద్దిలేటీ, స్టూలు ఊగుతాండాది. నీళ్లు మీద పడతాయని అట్ల పక్కకు వంగి నట్లు విప్పొద్దు. ఆ గీజర్లో చుక్క నీళ్లుండవు. ఎప్పుడన్నా ఉంటే కదా ఇప్పుడు పడేదానికి?

ఏంది, పైన తుప్పు పట్టినా లోపల కొత్తదాని మాదిరుండాదా? ఉండదా మరి. వాడింటే కదప్పా పాతదయ్యేది.

ముందు మాకు పెరట్లో రాగి అండా ఉండె. కింద రోంత శెనక్కాయ పొట్టు ఎగదోస్తే చాలు, ఇంటిల్లిపాదికీ ఉడుకు నీళ్లు. మా ఇంటాయన తిప్పేస్వామి ఒకసారి కదిరిలో వాళ్ల చిన్నాయన కొడుకు కేశవ ఇంటికి పోయొచ్చినాడు. ఆడ గోడకు గీజరంట, తిప్పితే నీళ్లు పొగలు కక్కుతాండాయంట. అంతే. వచ్చినోడు అన్నం గూడా సరింగా తినలేదు. వారం తిరక్కముందే అండా అమ్మేసి దీన్ని తెచ్చి గోడకెక్కించినాడు.

సరే, తెచ్చినాడు. నీళ్లో? మన తనకల్లులో కొళాయి ఎప్పుడొస్తాదో నీకు తెలీదా? వచ్చినవి డ్రమ్ములకే చాలవు, మిద్దె మీది ట్యాంకులోకి ఎవరు మోస్తారు? ఆ ఆలోచన గోడకు బెజ్జాలు వేయకముందు రావల్ల. మొదటి రోజే నీళ్లు లేకుండా స్విచ్చేసినాడు. ఇల్లంతా కమురు వాసన. లోపల కాయిలు కాలిపోయింది. మిగిలింది ఈ ఎర్ర లైటొకటే.

ఆయప్ప బాధపడినాడనుకుంటివా? లైటు ఎలుగుతాండాది కదా, సాల్లే అన్నాడు.

ఇంగ అప్పుట్నించి మా ఇంట్లో నాటకం నువ్వు చూడల్ల. చుట్టమొస్తే చాలు, "గీజరేసినా బావా, రోంచేపు ఆగు" అని వీధంతా వినపడేట్లు అరుస్తాడు. నీళ్లు పోసుకునే బచ్చల్లో లైటు ఎర్రగా. నేనేమో ఎనక వసారాలో బకెట్లో కరెంటు రాడ్డు పెట్టుకోని కాపలా. చుట్టం టవలు ఎతుక్కునేలోగా కాగిన బకెట్టు ఎనక తలుపు గుండా బచ్చల్లో పెట్టి మాయమైపోవల్ల.

స్నానం చేసి వచ్చి, "ఏం గీజరప్పా, ఒళ్లంతా తేలికయ్యింది" అంటారు. ఆ మాటలు నమ్మి నల్లమాడలో మా ఆడబిడ్డ గూడా ఇట్లాంటిదే కొనింది. వాళ్లింట్లోనూ నీళ్లు రావు. ఇప్పుడు వాళ్లదీ ఎర్ర లైటే. నగొద్దు మద్దిలేటీ, చేతిలో స్పానరుండాది.

మొన్న ఆ కేశవే వచ్చినాడు. ఇంగ చూడు మా ఇంటాయన హడావిడి. నేను నీళ్లు కాగినాయో లేదోనని వేలు పెట్టి చూసినా. రోజూ చూసేదే, ఊర్లో అందరూ చూసేదే. రాడ్డు వైరు యాడ చీలిందో ఏమో, నన్నెత్తి గోడకేసి కొట్టింది.

ఆయప్ప ఉరుక్కుంటా వచ్చినాడు. నన్ను లేపుతాడనుకున్యా. ముందు పోయి తలుపు మూసినాడప్పా, రాడ్డు కేశవ కంట్లో పడకుండా. ఆ తర్వాత నా దిక్కు చూసినాడు. లోపల్నుంచి కేశవ "ఏం శబ్దమన్నా?" అంటే, "పిల్లి బిందె దొర్లిచ్చిందిలే" అన్నాడు.

చెయ్యి నొప్పి పోతాది. ఆ తలుపు మూసింది మాత్రం పోదు. నేను సచ్చింటే గూడా కేశవ బస్సెక్కేదాకా నన్ను ఆడనే ఉంచింటాడేమోనని ఏడుపొచ్చింది.

అందుకే తెగేసి చెప్పినా. అదన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల అని. ఈ పొద్దున లేస్తానే "సరే, పీకిస్తాలే" అన్నాడు. నీకు ఫోన్ చేసింది గూడా ఆయప్పే కదా? చూసినావా, మనిషి మారినాడు. నేనే ఊరికే తిట్టుకుంటి, పాపం.

ఆ, పట్టుకున్యా. దించు. అబ్బ, ఎంత తేలిగ్గుండాది. దీనికా ఇన్నేండ్లు భయపడింది.

ఇంగ ఆ రాడ్డు గూడా నీ సంచిలో ఏసుకో, పాత సామాన్లోడికిచ్చేయి. నీళ్లు పొయ్యి మీద కాగబెట్టుకుంటాం. ఎవరేమనుకుంటే మాకేం?

మిద్దె మీదికి మెట్లా? ఎందుకప్పా, పూడ్చాల్సిన బెజ్జాలు ఈడ కదా ఉండేది.

కొలతలకా? దేనికి?

సోలారా.

ఆయప్పే చెప్పినాడా? ఏమన్నాడు, ఉన్నదున్నట్లు చెప్పు, నేనేమీ అనుకోను. ఊ. గీజరైతే ఇంట్లోకొచ్చినోళ్లకే కనపడతాది, సోలారైతే కదిరి రోడ్డులో పోయే బస్సులోళ్లకు గూడా కనపడతాదన్నాడా.

మిద్దె మీదికి నీళ్లు యాడనుంచి వస్తాయని నువ్వడగలేదా? అడిగితే? నగినాడా.

మెట్లు ఆ పక్కనుండాయి, పో. చూసుకోని ఎక్కు, అంచుకు గోడ లేదు.

రేపు దాన్ని చూసేదానికి ఎవరో ఒకరొస్తారు. వచ్చినోళ్లను స్నానం చేసి పొమ్మంటాడు. ఏం చేస్తాంలే.

ఆ రాడ్డు నీ సంచిలోంచి తీసి ఈడ పెట్టప్పా. దిగొచ్చినాక దాని వైరుకు రోంత టేపు చుట్టిపో.