పిట్ట స్టాంపు ఫోటో పెట్టినందుకు

"మొన్న నేను పెట్టింది ఒక్కటంటే ఒక్క ఫోటో అమ్మా. పిట్ట బొమ్మ స్టాంపు, ఇంత, నా బొటనవేలి గోరంత. ఫోన్‌లో స్టాంపులు దాచుకునేవాళ్ళ గ్రూపు ఒకటుంది, అందులో పెట్టా. చేతిలో టీ చల్లారనే లేదు, నోటీసు దిగింది. 'ఈ బొమ్మ మీద హక్కు వేరేవాళ్ళది, తీసేస్తున్నాం' అని."

మా టీ బడ్డీ బల్ల మీద కూర్చుని బాబాయి అందుకున్నాడు. పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. నేను గ్లాసులు కడుగుతున్నాను. పక్కన టైలరన్న చొక్కాకి గుండీలు కుట్టుకుంటున్నాడు.

"స్టాంపు నీదే కదా బాబాయ్, హక్కు ఇంకోడిదేంటి?" అన్నాడు టైలరన్న.

"అక్కడే ఉందిరా కిటుకు! కాగితం నాది, బొమ్మ గీసినాయనది. ఇంట్లో పెట్టుకుని చూసుకో, ఎవడూ అడగడు. ఫోన్లో పెట్టి పదిమందికీ చూపిస్తే తప్పు. చూపించక ఏం చెయ్యను? పళ్ళెంలో నీళ్ళు పోసి పాత కవర్లు నానబెడితే, మీ పిన్ని గోరు తగలకుండా స్టాంపు ఊడదీసేది, నేను ఆరబెట్టేవాణ్ణి. ఇప్పుడు నేనే నానబెడతా, నేనే తీస్తా, నేనే చూసుకుంటా. సరే, అదొదిలెయ్. నేనూరుకుంటానా? 'పిట్ట నీదైతే వచ్చి తీసుకుపో' అని తిరిగి రాశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గీసినాయన వచ్చేశాడు!"

"ఎక్కడికి?" అన్నాడు టైలరన్న.

"మా ఇంటికే! వెనకాల ఇద్దరు లాయర్లు, వాళ్ళ వెనక పోస్టాఫీసుల పెద్దాఫీసరు, ఆయనకి గొడుగు పట్టడానికి ఇంకొకాయన. కుర్చీలు చాల్లేదు, మంచం వాల్చా. సందు మొదటిదాకా మనుషులే. కోర్టు కూడా మా వరండాలోనే పెట్టేశారు. జడ్జిగారు భూతద్దంలోంచి చూసి, 'ఎందుకీ గొడవ, పిట్టనే అడుగుదాం' అన్నారు. అడిగారు. అది స్టాంపులోంచి రెక్కలు దులుపుకుని లేచి, వరండా అంతా ఒక చుట్టు తిరిగి, ఎవరి భుజం మీద వాలిందనుకున్నావ్?"

"గీసినాయన భుజం మీద."

"నీ మొహం! నా భుజం మీద! ఆయన బావురుమన్నాడు. నేనే ఊరుకోబెట్టి అన్నం పెట్టా. అప్పట్నుంచీ ఆయనా, జడ్జిగారూ, పొద్దస్తమానం నాకు ఫోన్లే. ముద్ద నోట్లో పెట్టుకోనివ్వరు, తీరిక లేక చస్తున్నాననుకో."

టైలరన్న సూది ఆపి పకపకా నవ్వాడు. నాకు నోరు తెరిచే అలవాటు లేదు. ఎందుకో జారింది.

"మీ ఫోను పొద్దుట్నుంచీ నా దగ్గరే చార్జింగులో ఉంది కదా బాబాయ్. ఒక్కసారి కూడా మోగలేదు."

అనేశాక నాలిక్కరుచుకున్నాను. టైలరన్న ఊరుకోలేదు. "ఆ నోటీసు కూడా మనిషి రాసింది కాదు బాబాయ్. ఫోటో పెట్టగానే మిషనే పంపిస్తుంది. మా అల్లుడికీ వచ్చింది."

బాబాయి ఖాళీ గ్లాసు కాసేపు అటూ ఇటూ తిప్పాడు. ఫోను తెచ్చిచ్చాను. దాన్ని తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మిషనైతే ఏంలేరా. పేరు పెట్టి పిలిచింది, పక్కన గారు కూడా పెట్టింది," అన్నాడు.

నాలుగడుగులు వేసి, నా వైపు తిరిగాడు.

"చేప బొమ్మది ఇంకోటుందమ్మా ఇంట్లో. అదీ ఎవరో ఒకరు గీసిందే కదా?"