ఆదివారం ఐసు

(పోర్ట్ బ్లెయిర్, డిగ్నాబాద్. మధ్యాహ్నం. గురువమ్మ ఇంటి గుమ్మంలో ఐసు బండి సూరయ్య, చేతిలో టిఫిన్ క్యారియరు. గురువమ్మ అతనికి వరసకి అప్ప, అంటే అక్క.)

"గుమ్మంలోనే నిలబెట్టేసినావేటి అప్పా. గంజి వేడిగా ఉన్నాది, సెయ్యి కాల్తంది."

"ఆ గట్టు మీద ఎట్టేసి ఎల్లు సూరయ్యా. అమ్మడు పడుకున్నాది."

"లేపొద్దులే. లేచినాక పట్టు. నిమ్మకాయ పిండినాను, ఉప్పేసినాను. కక్కి కక్కి ఉన్న కడుపుకి ఇదే నిలుస్తాది."

"సరే. ఎల్లు మరి."

"ఎల్తాను. ఎదురింటి గవరమ్మ మనవలకీ తెచ్చినాను ఒక గిన్నెడు. నా కల్ల ముందరే కాలవలో పారబోసింది. నువ్వూ పారబోస్తావేటి?"

"నాను పారబొయ్యను."

"అయితే లోపలికి రమ్మను."

"ఈదిలో అందరూ సూస్తన్నారు."

"సూడనీ. ఇరవై ఏళ్లనించి ఈ ఈదిలో బండి తోస్తన్నాను. ఇయాల కొత్తగా సూసేదేటి?"

"సర్లే, రా. తలుపు దగ్గరగా ఎయ్యి. ఆ పీట మీద కూకో."

"కొడుకూ కోడలూ లేరేటి?"

"మందులకి ఎల్లింది. మల్లేశు బోటు మీద ఎల్లినాడు."

"మనవరాలికి నయమేనా?"

"మూడ్రోజులు అస్పతాల్లో సెలైను ఎక్కించినారు. నిన్నట్నించి కక్కు లేదు. గవరమ్మ మనవలిద్దరూ కూడా ఇంటికి వొచ్చేసినారు."

"దేవుడు సల్లగా సూసినాడు. సాయంత్రం సంగతి ఇన్నావా?"

"ఏ సంగతి?"

"ఏ సంగతంటావేటి. కోవెల కాడ పెద్దలు కూకుంటారంట. పెద్దల తరపున కన్నారావు వొచ్చి సెప్పి ఎల్లినాడు. నా ఐసుతోనే గుంటలు పడిపోయినారంట, నా బండి ఇంక డిగ్నాబాద్‌లో తిరగకూడదంట."

"ఇన్నాను."

"ఇని?"

"ఇని ఏటి సెయ్యమంటావు నన్ను."

"ఏటీ సెయ్యమనలేదు. అడిగినాను. ఈ మోకాళ్ళతో ఆ కొండ చఢాయి ఎక్కి ఇంకో బస్తీలోకి బండి తొయ్యలేను అప్పా. ఈ ఈది పోతే నాకు తిండి పోయినట్టే. అదీ సంగతి."

"మంచినీళ్లు తాగుతావా?"

"వొద్దు. మిక్సీ ఏది?"

"ఏ మిక్సీ?"

"బల్ల మీద ఉండేది కదా. విశాఖపట్నంనించి ఓడలో వొచ్చినప్పుడు మూడ్రోజులూ ఒళ్లో ఎట్టుకుని తెచ్చినావు. కింద ఎడితే అదిరిపోద్దన్నావు."

"అటకెక్కించేసినాను."

"అటకెక్కించేసినావా. దాని కాడినించి కదిలేదానివి కాదు నువ్వు."

"ఇంక దాని మాట ఎత్తకు."

"నవ్వించడానికి అన్నానులే. గుమ్మడికాయ సూపు సేసినావు సూడు, మల్లేశు ఏటన్నాడూ? బోటుకి ఎయ్యడానికి రంగు తెచ్చినావేటమ్మా అన్నాడు."

"అన్నాడు. అని తాగినాడు, పాపం."

"బొప్పాయీ పెరుగూ కలిపి ఓపాలి నాకూ ఇచ్చినావు. ఆ గ్లాసు ఎలా దింపుకున్నానో నాకే తెలుసు."

"బాగుందన్నావు కదా."

"మరి ఎలా అనను. అంత ముచ్చటగా నిలబడి నా మొకంలోకే సూస్తన్నావు."

"ఏటి సెయ్యను సూరయ్యా. ఆరేళ్ల గుంట, బరువే లేదన్నాది డాక్టరమ్మ. సూపులు పట్టండి, పళ్ళ రసాలు పట్టండి అన్నాది. ఇది సేప ముట్టదు. సేపలోల్ల ఇంట పుట్టి సేప వాసనొస్తే ముక్కు మూసుకుంటాది. అన్నం రెండు ముద్దలు. ఎండాకాలం వొచ్చిందంటే అదీ లేదు. సల్లగా ఉంటే తాగుద్దని కనిపెట్టినాను. అరటిపండూ, కొబ్బరిపాలూ, బెల్లమూ ఏసి తిప్పి ఇస్తే గ్లాసు నాకేసింది."

"దాన్ని గడ్డ కట్టించి కుల్ఫీ సెయ్యడం నాను సెప్పినదే కదా."

"నువ్వే సెప్పినావు. బకెట్లో ఐసూ ఉప్పూ ఏసి మధ్యలో స్టీలు గ్లాసు ఎట్టమన్నావు."

"గ్లాసు బయటే ఐసు ఉండాలి, లోపలికి సుక్క పోకూడదు అని కూడా సెప్పినాను."

"సెప్పినావు."

"సెప్పినాక నువ్వు కుళాయి కాడ ఏటన్నావో అదీ ఇన్నాను. బజారు ఐసు కాలవ నీల్లు, మా ఇంట్లోది శుభ్రం అన్నావు."

"అదీ ఇన్నావా."

"నా బండి ఆగేది కుళాయి పక్కనే కదా అప్పా."

"నా నోరు అలాంటిది. పదిమందిలో గొప్పకి అనేసినాను. ఎల్లు సూరయ్యా, దండం ఎడతాను. కోడలు వొచ్చేస్తాది."

"ఒక్క మాట అడిగేసి ఎల్లిపోతాను. ఆదివారం నీకు ఐసు ఎక్కడిది?"

"ఆదివారమా?"

"ఆదివారమే. శుక్రవారం ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆగిపోయింది. మల్లీ సోమవారం గానీ తిరగలేదు. శని, ఆది ఊరి మొత్తానికి ఐసు ముక్క లేదు. నా బండి ఇంట్లోనే ఉన్నాది, సక్రం కూడా కదల్లేదు. మరి గవరమ్మ సిన్న మనవడు ఐసూ ఐసూ అని ఏడ్చినాడంట అస్పతాల్లో. ఆడికి వొచ్చిన మాటలే నాలుగు. పెద్దోడు సల్లది తాగినామన్నాడంట. ఆల్లిద్దరూ ఆ రోజంతా మీ వరండాలోనే ఆడుకున్నారు. నాను సూసినాను."

"సూసినావా."

"సూసినాను. సెప్పు. ఎవులితోటీ అనను."

"ఆ తలుపు పూర్తిగా ఎయ్యి."

"ఏసినాను. సెప్పు అప్పా."

"బోటు ఐసు."

"అనుకున్నాను."

"మల్లేశు తెల్లారి సేపలు దింపేసి వొచ్చినాడు. పెట్టె అడుగున ఇంత గడ్డ మిగిలింది, అద్దంలాగున్నాది. మూడు నీల్లు కడిగినాను సూరయ్యా. ఫ్యాక్టరీ నీల్లే కదా, గడ్డ కట్టిందే కదా అనుకున్నాను. పగలగొట్టి మిక్సీలో ఏసేసినాను."

"నాలుగు రోజులు సేపల కింద నానిన గడ్డ అది."

"ఇప్పుడు తెలస్తంది. అప్పుడు తెలీలేదు. ఆ పెట్టెల పక్కనే పుట్టినాను, ఆ పెట్టెల మీద కూకునే అన్నం తిన్నాను. నా ముక్కుకి ఆ వాసనే తెలీదు. అమ్మడు గ్లాసు పట్టుకుని, నానమ్మా సేప వాసనొస్తంది అన్నాది. నీకు అన్నిట్లోనూ సేప వాసనే అని తిట్టినాను. ముక్కు మూసి పట్టినాను. గవరమ్మ మనవలు అడక్కుండానే తాగేసినారు. నా సేతుల్తో పట్టినాను ముగ్గురికీ."

"ఏడవకు. గుంట లేస్తాది."

"సిగ్గుతో సచ్చిపోతన్నాను సూరయ్యా. అస్పతాల్లో గవరమ్మ నా భుజం మీద తల ఎట్టి ఏడ్చింది. ఆ సూరయ్యగాడి సేతులు పడిపోవాలి అని తిట్టింది. ఊ అన్నాను. ఊ అంటూ ఆవిడ ఈపు రాసినాను."

"ఊ అన్నావా."

"అన్నాను."

"సర్లే."

"సాయంత్రం నాను వొస్తాను కోవెలకి. అందరి ముందరా సెప్పేస్తాను. బోటు ఐసు నాను ఏసినాను, సూరయ్యకి సంబంధం లేదు అని సెప్తాను. ఉమ్మేస్తే ఉమ్మెయ్యనీ."

"సెప్పకు."

"సెప్తాను. ఇంక మొయ్యలేను."

"ఆ మాట ఒక్కటి సెప్పకు. బోటు ఐసుతో గుంటలు పడిపోయినారని బజార్లో తెలిస్తే రేపు మల్లేశు సేపలు ఎవులు కొంటారు? మల్లేశువే కాదు, డిగ్నాబాద్ బోటు ఏది వొచ్చినా ఎవులూ ముట్టరు. ఉడికే సేప వేరు, పచ్చిగా తాగే ఐసు వేరు అని ఎంతమందికి సెప్పుకుంటాం. సగం ఈది పస్తుంటాది. అందుకే నాను కన్నారావుకి కూడా సెప్పలేదు. ఫ్యాక్టరీ మూసేసినారు అని నోటి దాకా వొచ్చింది. అంటే తరవాతి మాట, మరి ఐసు ఎక్కడిదీ అంటారు. చుప్‌చాప్ వొచ్చేసినాను."

"నా కోసం నోరు మూసుకున్నావా?"

"నీ ఒక్కదాని కోసమేటి. నాకూ ఒక బావమరిది ఉన్నాడు బోటు మీద."

"మరి నాను ఏటి సెయ్యాలి? నువ్వే సెప్పు. నువ్వు ఏటంటే అది సేస్తాను."

"ఒక్కటి సెయ్యి. ఆదివారం సూరయ్య బండి ఈదిలోకి రాలేదు, నాను రోజంతా వరండాలోనే ఉన్నాను, నాకు తెలుసు అని సెప్పు. అబద్ధం కాదు కదా. నీ మాటంటే పెద్దలకి లెక్క. ఐసు గొడవ ఎత్తకు."

"సెప్తాను. అమ్మోరి మీద ఒట్టు. సెప్తాను."

"అది సాలు నాకు. బండి నిలబడతాది."

"నువ్వు తిట్టరాదా నన్ను. తిడితే కొంచెం తేలిగ్గా ఉంటాది."

"నిన్ను ఎందుకు తిట్టడం. నాను మాత్రం నోరిప్పినానేటి, నాకూ బయమే. నువ్వు ఊరుకున్నావు, అంతే. బయంతో ఎవులైనా ఊరుకుంటారు. ఊరుకోవడం వేరు, పేరు ఎట్టడం వేరు. నా కోపమంతా గవరమ్మ మీద."

"గవరమ్మ ఏటి సేసింది?"

"డాక్టరమ్మ కాయితం మీద రాసేసింది, ఐసు బండి తిండి అని. కన్నారావు సూసినాడు. డాక్టరమ్మకి నా బండి ఉన్నట్టు కల వొచ్చిందేటి? ఎవులో సెప్పినారు. పోయిన నెల పుల్ల ఇరిగిపోయిన ఐసు ఇచ్చినానని గవరమ్మ నాతో తగువాడింది. ఆ కచ్చ ఎట్టుకుంది."

"అంత కచ్చ మనిషి కాదు గవరమ్మ."

"మరి ఎవులు?"

"నాకేటి తెలుసు. అస్పతాలంతా గోల. ఎవులు ఏటన్నారో."

"తేలిపోద్ది. సాయంత్రం కర్పూరం ఎలిగించమంటాను. నా పేరు డాక్టరమ్మకి సెప్పలేదని గవరమ్మ ఒట్టేసి కర్పూరం ఆర్పాలి. ఆర్పితే ఆవిడ కాల్లకి దండం ఎట్టేస్తాను. ఆర్పకపోతే అందరికీ తెలిసిపోద్ది."

"కర్పూరం వొద్దు సూరయ్యా. మనవలు ఇప్పుడే లేచినారు, ఆవిడ సేత ప్రమాణాలు సేయించకు."

"నా బండి కాలిపోతా ఉంటే వొద్దంటావేటి అప్పా. నువ్వు ఊరుకో. ఈ ఒక్క ఇసయం నాకు వొదిలెయ్యి."

"ఆవిడ సెప్పలేదేమో."

"సెప్పకపోతే ఆర్పుతాది. ఆవిడకి బయమెందుకు?"

"సూరయ్యా, నాను ఒక మాట…"

"నానమ్మా."

"లేచినావా తల్లీ. పడుకో పడుకో. ఇంకా పొద్దుంది."

"సూరయ్య తాత వొచ్చినాడా? మాటలు ఇనబడినాయి."

"వొచ్చినాను బంగారూ. రా, ఇలా కూకో. ఎంత సిక్కిపోయినావే. గంజి తెచ్చినాను, తాగుతావా? అప్పా, గ్లాసు ఇలాగివ్వు. నాను పడతాను."

"సేప వాసన లేదు కదా తాతా?"

"లేదమ్మా. బియ్యం, నీల్లు, నిమ్మకాయ. అంతే. మెల్లగా తాగు. బాగుందా?"

"బాగుంది."

"సూసినావా అప్పా, నీ సూపులన్నీ ఒక పక్క, నా గంజి ఒక పక్క. ఇంకొంచెం పొయ్యనా?"

"సాలు సూరయ్యా. ఇంక పడుకోబెడతాను. నువ్వు ఎల్లు."

"తాగనీ అప్పా, ఇన్ని రోజులకి తాగుతంది. అమ్మడూ, ఈ తాత బండి మల్లీ వొస్తే ఐసు కొంటావా, బయమేస్తాదా?"

"బయమెందుకు? నీ బండి ఐసు నాను తినలేదు కదా."

"తినలేదు. నాకు తెలుసు తల్లీ."

"అమ్మడూ, మాటలాపు. గంజి తాగు."

"నానమ్మా, తాతకి నిజమే సెప్పొచ్చా, డాక్టరమ్మకి సెప్పమన్నావే, అలాగే సెప్పాలా?"