తీసేసిన వీడియో

సూరత్ మగ్గాల్లో పనికి పది రోజుల కింద వచ్చిన బావ, చూపుడువేలికి కట్టుతో అక్కడి వడోద్ వాడలోని గదిలో కూర్చున్నాడు. నరహరి ఎదురుగా కూర్చున్నాడు.

"నడిచే మగ్గంల వేలెందుకు పెట్టినవ్ బావా?"

"సిరిసిల్లల పోగు తెగితే మగ్గం అదే ఆగుతుండె. ఈడ గూడ ఆగుతదనుకున్న. ముందుగాల, తెగిన పోగు ముడేసుడు చూపే నీ వీడియో ఫోన్ల ఎతికిన, దొరకలే."

"తీసేసిన. వీడియోలు పెట్టే ఇంకో చిన్న ఆప్‌కు పోయిన. ఆళ్లకిచ్చిన వీడియో ఇంకోకాడ ఉండొద్దన్నరు."

"ఆడ మంచిగున్నదా?"

"నా పేరు ముందట పెడుతున్నరు. మునుపటి పెద్ద ఆప్‌ల గన్ని లక్షల మందిల నేనెవరికి కనవడుత?"

"నాకు కనవడుతుంటివి గదరా."

నరహరి తల వంచుకున్నాడు.

"తిట్టు బావా."

"తిడితే గోరు మొలుస్తదా? వేలు దక్కింది, చాలు. ఆ ఆప్ నా ఫోన్ల ఎక్కియ్యి."

"నీ ఫోన్ల జాగ లేదు."

"ఊరి నుంచి పనికొచ్చేటోళ్ల ఫోన్లన్నీ గిసుంటియే."

నరహరి తన ఫోన్ తీసి పాత వీడియో వెతికాడు.

"పాతకాడనే మళ్ల పెడుత. ఆప్ వాళ్లు నా పేరు తీసేస్తె తియ్యనీ."

"ఆగు. కొత్తది తియ్యి. మొదలు నా వేలు చూపెట్టు, తర్వాత మగ్గంకాడ దాన్ని ఆపే స్విచ్ చూపెట్టు."

బావ కట్టు ఉన్న చేతిని వెలుతురులోకి చాపాడు. నరహరి ఆ వేలి మీదికి ఫోన్ పట్టి రికార్డు నొక్కాడు.