మరిడమ్మ ఎక్కిన కొండ

మహేంద్రగిరికా? ఈ సలిలోనా? ఎచ్చెర్ల కాలేజీ గుంటలందరూ కలిసెల్తన్నారేటి? సర్లే, కూకో హేమా. మీ మామ్మ కూడా ఆ కొండెక్కింది, మీ నాన్న సెప్పేడా? మా అన్న, అంటే మీ తాత నూకయ్య పెళ్ళాం మరిడమ్మంటే మన పేటలో తెలీనోలు లేరు. సేపల గంపతో టెక్కలి దాకా ఎల్లేది. కండక్టరు 'వాసనొస్తాది, దిగవే' అంటే, 'నువ్వు రాత్రి తిన్న పులుసుదీ ఇదే వాసన్రా బాబూ' అని సీట్లో కూకునేది. నాకు ఏడేళ్ళప్పుడు మా ఇంటికి కోడలుగా వచ్చింది. మాయమ్మ పోయేక నాకు అన్నం కలిపెట్టింది ఆవిడే. ఒదినంటే ఒదిన, అమ్మంటే అమ్మ.

పైలీన్ తుపానొచ్చిన యేడు, మీ తాత బోటు రెండ్రోజులు కనబళ్ళేదు. ఒదిన రేవులోనే కూకుని, మనిషి తిరిగొస్తే కొండమీద కుంతమ్మ గుడికి నడిసొస్తానని మొక్కీసింది. మూడోనాడు బారువ దగ్గర ఒడ్డుకి తగిలేరు, బతికే. మార్గశిరంలో మొక్కు తీర్సడానికి బయల్దేరింది. మీ తాతకేమో మోకాళ్ళ నొప్పులు. 'ఒరే గంగులూ, మీ ఒదిన్ని నీ సేతిలో ఎడతన్నాను' అన్నాడు. మందస దాటేక జీపోడు దింపీసేడు. సీకట్లోనే ఎక్కడం మొదలెట్టేం. సగం పైకొచ్చేసరికి తెల్లారింది గానీ ఎండ లేదు. మాకు ఐసంటే సేపల పెట్టిలోదే తెలుసు కదా, ఆ రోజు గడ్డి మీదా రాయి మీదా అదే ఐసు సన్నంగా పొర కట్టీసుంది. కాలెడితే సర్రుమంటాది. ఒదిన సెప్పులిప్పీసి కొంగున కట్టుకుంది. సముద్రం మీద ఎంత కెరటానికీ నాను బెదర్లేదు. ఇక్కడ కిందకి సూస్తే ఏటీ లేదు. తెల్లటి మంచు, అంతే. దాని అడుగున నేలుందో లోయుందో తెలీదు. పళ్ళు టకటకా కొట్టుకుంటన్నాయి. 'ఒదినా, ఎనక్కెల్లిపోదాం' అన్నాను. 'మొక్కు సగంలో ఒగ్గీస్తే మీ అన్న మళ్ళీ ఏ ధైర్యంతో సముద్రం మీదకి ఏటకెల్తాడ్రా' అంది.

ఓ సోట దారి పక్కకి వాలిపోయుంది. ఆవిడ కాలు జారింది. నా సెయ్యట్టుకుంది. నా కాలూ జారతంది. ఆవిడ నా మొహంలోకి సూసింది. నాను లాగి పైకి తెచ్చేనని కదా మీకందరికీ తెలుసు? ఆవిడే అలా సెప్పింది. రేవులో, పెళ్ళిళ్ళలో, ఎక్కడైనా. 'మా మరిది లేపోతే ఆ రోజే నా పని అయిపోయేది' అని. మీ తాత నాకు కొత్త పంచెట్టేడు. ఆ రోజు నాను ఆవిడ సెయ్యి ఒగ్గీసేను హేమా. జారిపోలేదు. నానే ఆవిడ వేళ్ళు ఇడిపించుకున్నాను. ఆవిడ మంచులోకి ఎల్లిపోయింది. రాళ్ళు దొర్లిన సప్పుడొచ్చింది, తరవాత అదీ లేదు. నాను బండని కౌగిలించుకుని కూకుండిపోయేను. పిలిస్తే పలకదేమోనని భయం. పలుకుతాదేమోనని కూడా భయమే, ఏటని సెప్పను? ఎంతసేపయిందో ఏటో, కిందనించి ఆవిడే పిలిసింది, 'ఒరే గంగులూ, బాగానే ఉన్నావా' అని. తుప్పలో ఇరుక్కుంది. పాకి పాకి తనే వచ్చింది, మోసేతులు రెండూ సీరుకుపోయి. వచ్చి నా పక్కన కూకుని, నా సేతులు తన సేతుల్లోకి తీసుకుని రుద్దింది. 'సల్లబడిపోనావురా' అంది. అంతే. గుడికెల్లి కొబ్బరికాయ కొట్టి దిగొచ్చీసేం.

ఆ తరవాత నాలుగేళ్ళు బతికింది. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తుతాదేమోనని ఆవిడ దగ్గర నాను ఒంటరిగా కూకునీవోడినే కాదు. ఆఖర్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, గంగుల్ని ఒక్కడ్నే రమ్మనండి, మాటాడాలి అందట. ఎల్లేను. గది గుమ్మం దాకా ఎల్లేను. మంచం మీద ఇటే తిరిగి పడుకునుంది. నన్ను సూసిందో లేదో. తిరిగొచ్చీసేను. మర్నాడు...

మీ అమ్మ పిలుస్తన్నట్టుంది. ఎల్లు.