అగ్గువ లైను

రఘుపతి ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడంటేనే, సారవ్వ ఛాయ్ హోటల్‌లో అందరికీ అర్థమైపోయింది, ఈయన ఛాయ్ కోసం రాలేదని. గోదావరి వంతెన దిగి, బొగ్గు గనుల ఊరు ఖని వైపు వచ్చే దారిలో, రోడ్డు పక్కనే ఉంటుంది ఆ హోటల్. జైపూర్ కరెంటు ప్లాంటు నుంచి బూడిద ఎత్తుకొచ్చే టిప్పర్లన్నీ అక్కడ ఆగాల్సిందే. డ్రైవర్లు ఒక ఛాయ్ తాగి, ఆ తర్వాతే ఇటుక బట్టీల దారి పడతారు.

రఘుపతి వచ్చింది అలీముద్దీన్‌ను ఒప్పించడానికి. అలీముద్దీన్‌కు ఖనిలో ఒకటి, మందమర్రిలో ఒకటి, జైపూర్‌లో ఒకటి సిమెంటు, ఇటుకల దుకాణాలున్నాయి. అన్నిటినీ కలిపి ఆఫీసు ఫోన్లు పెట్టించాలని ఆయన చూస్తున్నాడు. ఆ పని చేతికొస్తే రఘుపతి తన పేరున బోర్డు కట్టుకోవచ్చు. రాకపోతే మళ్లీ బామ్మర్ది సెల్‌ఫోన్ల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి గాజు పొరలు అతికించుకోవాలి. బామ్మర్ది కింద కొలువంటే ఎట్లా ఉంటుందో చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చెయ్యనివాళ్లకు చెప్పినా తెలియదు.

"అక్కా, రెండు స్పెషల్," అన్నాడు రఘుపతి.

సారవ్వ పాలు తిప్పుతూనే, "రఘుపతీ, గా ఫోన్లు ఇంక వస్తనే ఉన్నయిరా. ఎవలెవలో చేస్తాండ్రు," అంది.

"ఎత్తకుమని చెప్పిన గదక్కా. అవి మోసం ఫోన్లు. ఎత్తితే బ్యాంకు ఖాతా ఊడ్చుకపోతరు."

"మోగుతాంటే ఎత్తకుంట ఎట్లుంటర్రా?" అని ఆమె గ్లాసులు కడగడంలో పడింది. రఘుపతి అలీముద్దీన్ వైపు తిరిగాడు. బెంచీకి ఆ కొసన బిక్షం కూర్చొని ఉన్నాడు. నైట్ షిఫ్టు చేసి గని నుంచి వచ్చిన మనిషి, కనురెప్పల అంచున ఇంకా బొగ్గు గీత ఉంది. బెంచీకి ఒక కాలు పొట్టిది కావడంతో దాని కింద సగం విరిగిన బూడిద ఇటుక పెట్టారు. బిక్షం కదిలినప్పుడల్లా అది కిర్రుమంటుంది.

"నేను చేసింది పెద్ద పనేం గాదు భాయ్," అని మొదలుపెట్టాడు రఘుపతి. ఆయన కథలన్నీ ఇట్లాగే వినయంగా మొదలవుతాయి. "బూడిద టిప్పర్ల ఆఫీసోళ్లకు ఫోన్ల డబ్బా పెట్టిన. దానికి ఒక్కటే మాట చెప్పిన. ఎవలు ఏ నంబరు కొట్టినా సరే, ఆ నంబరుకు అన్నిట్ల అగ్గువ లైను ఏదో చూస్కో, దాంట్లకెల్లి పంపు అన్న. గంతే."

"అగ్గువ లైనంటే ఏందిరా?" అన్నాడు బిక్షం.

అగ్గువంటే చవకని అందరికీ తెలుసు, లైను సంగతే కొంచెం విడమర్చి చెప్పుకోవాల్సింది. ఖని నుంచి మంచిర్యాలకు పోవాలనుకోండి. బస్సుంది, షేరాటో ఉంది, ఎట్లాగూ అటే పోతున్న పక్కింటాయన బండీ ఉంది. గడపలో ఒక మనిషి నిలబడి, పోయే ప్రతివాళ్లనూ "ఎక్కడికి?" అని అడిగి, "నువ్వు బస్సెక్కు, నువ్వు ఆయన బండెక్కు" అని చెప్పి పంపుతుంటే ఇంట్లో ఖర్చు తగ్గుతుంది కదా. ఫోన్ల డబ్బా చేసేదీ అదే. ఆఫీసుకు పాత ఫోను లైను ఒకటి, ఇంటర్నెట్ ఒకటి, డబ్బాలో పెట్టిన సిమ్ కార్డు ఒకటి ఉంటాయి. మందమర్రి బ్రాంచికి చేస్తే ఇంటర్నెట్‌లో పంపుతుంది, ఇటుక బట్టీవాళ్ల సెల్లుకు చేస్తే సిమ్ము మీద పంపుతుంది. ఆ సిమ్ము రఘుపతి ఎక్కడి నుంచి తెచ్చాడో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"బిల్లు సగానికి సగం దిగింది భాయ్," అన్నాడు రఘుపతి.

ఇంతవరకు అంతా నిజమే. ఇక్కడ నోరు కట్టేసుకుంటే అలీముద్దీన్ అప్పుడే చేయి కలిపేవాడు. కానీ సరిగ్గా అప్పుడే అలీముద్దీన్ కనుబొమ్మలు పైకి లేచాయి. ఛాయ్ వేడికి నాలుక కాలి లేచిన కనుబొమ్మలవి. రఘుపతికి మాత్రం "సగమేనా?" అని అడిగినట్టు కనిపించాయి.

"సగమంటే మొదటి నెల," అని వెంటనే అందుకున్నాడు. "రెండో నెల బిల్లు వచ్చింది, విప్పి చూస్తే తెల్ల కాయితం. ఏం రాసి లేదు. ఫోను కంపెనీ లైన్‌మన్ వచ్చి, మీ ఆఫీసు మూసేసిండ్రా, ఎవలన్న పోయిండ్రా అని అడిగి, వాకిట్ల కాసేపు మౌనంగ నిలబడి పోయిండు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?"

"డబ్బాకు అగ్గువ రుచి తెల్సింది. ఇంటర్నెట్ గూడ ఖర్చే గద, ఇంక అగ్గువ దారి లేదా అని అదే ఎతుకుడు మొదలుపెట్టింది. ఓ రోజు మందమర్రికి ఫోన్ చేస్తే మాట చల్లగ వస్తాందని అక్కడోళ్లు అన్నరు. నేను పోయి చూసిన. చూస్తే ఏముంది, డబ్బా మాటను భూమిల వైరు గుండ దింపి, పాత గని సొరంగాలల్లకెల్లి, గోదావరి గంగ కిందికెల్లి మందమర్రిల తేల్చుతాంది. మాట మంచిగనే వస్తాంది గని నల్లగ వస్తాంది. అక్కడి క్లర్కు ఫోను పక్కకు ఒక తువ్వాల కట్టుకున్నడు, మాట్లాడినంక చెవు తుడుసుకునేటందుకు."

బిక్షం గ్లాసు కింద పెట్టాడు. "నేను ఇన్నేండ్ల సంది లోపటికి దిగుతాన్న. నాకు ఒక్క మాట గూడ ఎదురు రాలేదురా."

"నీది నైట్ షిఫ్టు కాకా. మాటలు సెకండ్ షిఫ్టుల పోతయి."

బిక్షం ఒక్క నిమిషం ఆలోచించి, అది నిజమే అన్నట్టు తల ఊపాడు. ఊపినందుకు తర్వాత ఆయనే సిగ్గుపడ్డాడు. ఈ లోపల సారవ్వ ఫోను మోగింది. ఆమె పొయ్యి వెనక్కి తిరిగి, చీర కొంగు అడ్డం పెట్టుకొని ఏదో చిన్నగా మాట్లాడి పెట్టేసింది. మంచి మలుపులో ఉండగా ఫోను మోగినందుకు రఘుపతి ముఖం చిట్లించుకున్నాడు.

"ఎక్కడున్న? ఆఁ. సొరంగాల దాక పోయిందా, అయినా దానికి తృప్తి లేదు. మాటలే తగ్గియ్యాలె అనుకున్నది. హలో అంటే ఏముంది భాయ్, ఉత్త దండుగ. హలో కోసేసింది. బాగున్నరా, తిన్నరా, అన్నీ కోసేసింది. వాళ్ల ఓనరు అల్లుని మీద కోపంతోని గంటసేపు ఫోన్ల తిట్టిండు. తిట్లన్నీ దండుగ మాటలని డబ్బా ఆపేసింది. చివరికి అన్న 'సరే' ఒక్కటే అవతలికి పోయింది. మామ సరే అన్నడని అల్లుడు మురిసిపోయి, తెల్లారి స్వీటు డబ్బా పట్టుకొని వచ్చిండు. ఏండ్ల పంచాయితీ తెగిపోయింది."

"కోసిన మాటలన్నీ ఎక్కడ పెట్టింది?" అన్నాడు బిక్షం. ఈసారి ఆయన తల ఊపలేదు.

రఘుపతి ఇది ఆలోచించుకోలేదు. అయినా ఆయన నోటికి ఆలోచనతో ఎప్పుడూ పని పడలేదు. "మంచిగ అడిగినవు కాకా. డబ్బా కింది అర నిండిపోయింది. తలుపు తెరిస్తే హలో హలో అని ఒకటే లొల్లి, క్లర్కులు పని చేసుకోలేకపోయిండ్రు. ఏం చెయ్యాలె? సంచులల్ల నింపి బూడిద టిప్పర్ల పోసి పంపిన. ఆ బూడిద బట్టీలకు పోయింది, ఇటుకలయింది. ఇప్పుడు ఆ ఇటుక పగలగొడితే హలో అంటది."

"అరె, నేను అమ్మేది ఆ ఇటుకలే గదా," అన్నాడు అలీముద్దీన్. "ఒక్కటి గూడ అనలేదు నా దగ్గర."

"నీది గట్టి మాల్ భాయ్. పగిలితే గదా అనేది."

అలీముద్దీన్ గడ్డం నిమురుకున్నాడు. పొగడ్త కాబట్టి కాదనలేకపోయాడు. రఘుపతికి ఊపు వచ్చింది. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, ఢిల్లీ నుంచి ఫోను కంపెనీ పెద్దలందరూ హెలికాప్టర్‌లో రావడం, దింపడానికి జాగా లేక ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్ట మీద దిగడం, బూట్లు చేత పట్టుకొని జారుకుంటూ వచ్చి డబ్బా ముందు చేతులు కట్టుకొని నిలబడటం, అన్నీ కళ్లకు కట్టాడు. "మా దుకాణం మూతపడుతాంది, కొంచెం దయ చూడుండ్రి అన్నరు భాయ్. డబ్బా ఏమన్నదో ఎర్కేనా? ఏమనలేదు. అంటే ఖర్చు గద."

అలీముద్దీన్ నవ్వి, గ్లాసు పక్కన పెట్టాడు. "డబ్బా సంగతి సరే రఘుపతీ. నేను వచ్చింది డబ్బా కోసం గాదు. ఆ టిప్పర్ల ఆఫీసుల ఫోన్ల మాట్లాడే ఆమె కోసం."

రఘుపతి నోటి దాకా ఎత్తిన గ్లాసు మళ్లీ బెంచీ మీద పెట్టాడు.

"మా సోహైల్ ఆ ఆఫీసుకు రోజు ఫోన్ చేస్తడు," అన్నాడు అలీముద్దీన్. సోహైల్ ఆయన కొడుకు, దుకాణాలకు ఇటుకలు చేసే వాళ్ల బట్టీల లెక్క చూసేది అతనే. "మునుపు ఆ ఆఫీసోళ్లు ఎప్పుడడిగినా బండి బయలెల్లింది అనేటోళ్లు. చూస్తే బండి ప్లాంటులనే నిలబడి ఉంటుండె. ఇప్పుడు ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్తదట. 'ఇంక గంగ దాటలేదు బిడ్డా, కూలోళ్లను తిననియ్యి' అంటదట. మాకు అసుంటామె కావాలె. ఆమె నీ డబ్బాల ఉన్నదంటే చెప్పు, పని నీదే."

ఆ ఆడమనిషి గురించి రఘుపతీ విన్నాడు. టిప్పర్ల ఆఫీసువాళ్లే ఆయన్ను మెచ్చుకున్నారు, బట్టీలవాళ్లందరూ ఆమెను పొగుడుతున్నారని. కానీ ఆయనకు తెలిసినంతలో డబ్బాలో ఉన్న ఆడగొంతు ఒక్కటే, కాసేపు ఆగమని ఇంగ్లీషులో చెప్పేది. అది కూలోళ్లను తిననియ్యి అనదు. ఈ సంగతి తలుచుకుంటే ఆ డబ్బా దగ్గర ఒంటరిగా ఉండటానికి ఆయనకే భయమేసేది. అయినా ఇప్పుడు ఒక పక్క పని, ఇంకో పక్క బామ్మర్ది కౌంటరు.

"ఆమెనా? ఆమెను తయారు చేసిందే నేను," అన్నాడు. "ఏడుగురు ఆడోళ్ల గొంతులు కలిపిన భాయ్. ఒకామెది ఓపిక, ఒకామెది గదమాయింపు, గిట్ల. పైన ఉపగ్రహం నుంచి టిప్పర్లను చూస్కుంట చెప్తది. డ్రైవర్ ఛాయ్‌కు ఆగిండా, బీడీకి ఆగిండా, అది గూడ దానికి తెలుస్తది. తిండి లేదు, నిద్ర లేదు, జీతం లేదు. భూమి మీద అంత అగ్గువ లైను ఇంకోటి లేదు."

గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఆగింది. రఘుపతి గమనించలేదు.

"అయితే ఓసారి మాట్లాడుదాం," అని అలీముద్దీన్ ఫోను తీశాడు. "సోహైల్ ఆ నంబరు నా ఫోన్ల ఎక్కిచ్చిండు."

"ఇప్పుడా? ఇప్పుడు ఆమె నాష్తా టైం..."

"తిండి లేదంటివి గదా."

అలీముద్దీన్ నంబరు నొక్కాడు. చక్కెర డబ్బా పక్కన సారవ్వ ఫోను మోగింది.

రఘుపతి చిరాగ్గా చేయి ఊపాడు. "అక్కా, జర గా ఫోను బందు చెయ్యి. ఇక్కడ ముఖ్యమైన ఫోను నడుస్తాంది."

సారవ్వ తడి చేయి కొంగుకు తుడుచుకొని ఫోను ఎత్తింది. "చెప్పు బిడ్డా, ఏ బండి?"

ఆ మాట అలీముద్దీన్‌కు ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో పొయ్యి దగ్గర నుంచి వినిపించింది. ఆయన ఫోనును చూశాడు, సారవ్వను చూశాడు. బిక్షం గొంతు సవరించుకున్నాడు. "ఏడుగురు ఆడోళ్లు ఒక్కతాననే ఛాయ్ పోస్తాండ్రు గదరా రఘుపతీ."

అప్పుడు రఘుపతికి అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. సారవ్వకు కొత్త ఫోను సరిచేసి ఇచ్చింది తనే. ఆమె పాత సిమ్ముకు కూతురు సంతోషి ఏడాది రీచార్జి చేయించిందని చూసి, "ఇది నీకు పనికి రాదక్కా" అని దాన్ని తీసి జేబులో వేసుకున్నదీ తనే. పాత నంబరుకు వచ్చే ఫోన్లు ఆమె కొత్త నంబరుకు పోయేటట్టు మళ్లించి, "ఒక్క ఫోను గూడ తప్పిపోదు" అని గొప్పగా చెప్పి, ఆ మళ్లింపు సంగతి మరిచిపోయిందీ తనే. డబ్బాలోంచి పోయిన ప్రతి ఫోను అవతలివాళ్లకు ఆ పాత నంబరే చూపించింది. వాళ్లు అదే ఆఫీసు నంబరనుకొని తిరిగి చేశారు. చేసినవన్నీ సారవ్వకు వచ్చాయి. ఆమె ఎదురుగా వంతెన ఉంది, వంతెన దిగే ప్రతి బండీ ఆమెకు కనిపిస్తుంది. అడిగారు, చెప్పింది.

అలీముద్దీన్ ఫోను పెట్టేయలేదు. రెండు మూరల దూరంలో ఉన్న మనిషితో ఫోనులోనే మాట్లాడాడు. "సలాం అమ్మా. బండి సంగతి గాదు. మీ ఆఫీసుల ఫోన్లు పెట్టిన రఘుపతి ఉన్నడు గదా, ఆయన పని ఎట్లుంటది? ఉన్నది ఉన్నట్టు చెప్పాలె."

రఘుపతి సారవ్వ వైపు చూశాడు. ఇంతసేపట్లో ఆయన నోరు మూసుకుంది అప్పుడే. బామ్మర్ది కౌంటరు, దాని మీద అతికించాల్సిన గాజు పొరల కుప్ప, అన్నీ ఆయన కళ్లలో కనిపిస్తున్నాయి. సారవ్వ ఆయన్ను చూడలేదు. టిప్పరు కోసం చూసినట్టే వంతెన వైపు చూస్తూ, ఫోనులో జవాబు చెప్పింది.

"పని మంచిగనే చేస్తడు బిడ్డా. నా సిమ్ము నాకు పనికి రాదని చెప్పి ఎత్తుకపోయి గూడ, ఒక్క ఫోను తప్పకుంట నా దగ్గరికే చేర్చిండు. ఆయన చెయ్యి అగ్గువ లైనే. నోరే పిరం లైను. నువ్వు చేతిని పెట్టుకో, నోటిని పెట్టుకోకు. ఇంగో మాట. ఆ అగ్గువ లైను ఇయ్యాల్టి సంది బందు. నా సిమ్ము పొద్దుగూకే లోపల నాకు రావాలె. బండ్ల సంగతి కావాల్నంటే ఆ ఆఫీసోళ్లను వచ్చి నాతోని మాట్లాడుమను. నాకు తిండున్నది, నిద్రున్నది."

ఆమె ఫోను పెట్టేసి, మళ్లీ గ్లాసులు అందుకుంది.

అలీముద్దీన్ నవ్వు ఆపుకుంటూ చేయి చాచాడు. "సోమవారం వచ్చి పని మొదలుపెట్టు. మాట్లాడకుంట చెయ్యాలె, అదే షరతు."

రఘుపతి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ప్రాణం లేచి వచ్చింది. ప్రాణం వెనకే నోరూ లేచి వచ్చింది. "అసల్ది ఏందంటే భాయ్, ఆ సిమ్ము నేను కావాల్ననే..."

"ఆగు," అన్నాడు బిక్షం. ఆయన వంగి, బెంచీ కింది విరిగిన ఇటుకను లాగి, చెవికి ఆనించుకున్నాడు. బెంచీ ఒక పక్కకు ఒరిగింది. "ఇది ఏదో అంటాంది."

రఘుపతి చటుక్కున ఆగిపోయాడు. "ఏమంటాంది కాకా?"

"రాంగ్ నంబర్ అంటాంది."