కాలు కింద పెట్టని వర్జిల్

నదీన్‌కి ఆ పూట ఒక్కటే దిగులు: ఎవరి బండెక్కాలి? ఏటా తనకి బండి నడిపే మొగుడు డ్వేన్ గడ్డిబండి మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మధ్యాహ్నమే సాసేజ్ కొరుకుడు పందెం. ఆవముద్ద పూసిన సాసేజ్ తాడుకి వేలాడుతుంటుంది, దాని కిందనుంచి మోటార్‌సైకిల్ పోతుంటే వెనక కూర్చున్న మనిషి చేతులు వాడకుండా నోటితో కొరకాలి. ఎవరి ముక్క పెద్దదైతే వాళ్లదే గెలుపు. మూడేళ్లుగా నదీన్ రెండో స్థానం దాటలేదు. నడిపేవాడికి నిలకడ లేకపోతే దక్కేది ముక్కుకి ఆవముద్దే.

నెబ్రాస్కా సంతమైదానంలో, కాఫీ గుడారం కింద ఆమె ఈ గోడు వెళ్లబోసుకుందో లేదో, అరవయ్యేడేళ్ల వర్జిల్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"నిలకడ అన్నావా అమ్మాయ్? నిలకడ కావాలంటే నన్నడగాలి. నిదానం పందెంలో నేను మొదటిసారి దిగిన ఏడు, ఇరవై గజాలు పోవడానికి నిమిషం పట్టింది. నిమిషం!"

మోటార్‌సైకిళ్ల నిదానం పందెంలో ఆఖర్న వచ్చినవాడే గెలిచినట్టు. కాలు నేలకి తగిలిందా, అవుటు.

"నిమిషమంటే గొప్పే," అన్నాడు లైల్, కాఫీ ఊదుకుంటూ. వర్జిల్‌ని ఎగదోయడం అతనికి ముప్పయ్యేళ్ల అలవాటు.

"అదేం గొప్పరా, అది నేర్చుకునే రోజుల్లో! మరుసటేడు ఏమైందో తెలుసా? క్లచ్చి ఇలా వెంట్రుకవాసి వదిలి పట్టుకున్నాను, బండి కదుల్తోందో లేదో నాకే తెలీదు. జడ్జి సుద్దముక్కతో చక్రం పక్కన గీత గీసి, ఇంటికెళ్లి భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చి చూశాడు. గీతకి అంగుళం ముందున్నాను. 'కదుల్తున్నాడయ్యా' అని రాసుకుని మళ్లీ పడుకున్నాడు."

"వాన రాలేదా?" అన్నాడు లైల్.

"ఎందుకు రాదూ! ఆ వానకి నా ముందు చక్రం దగ్గర మొక్కజొన్న మొలిచింది. తొక్కుతామా, పాపం? ఇంకాస్త నెమ్మదించాను. అది ఎదిగి కంకి వేసింది, బండి మీద కూర్చునే కోసుకు తిన్నాను. ఆ తర్వాత హ్యాండిల్ మీద పిచ్చుక గూడు కట్టింది. గుడ్లు పెట్టింది, పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. నమ్మరు గానీ, అందులో ఒకటి మరుసటేడు పెళ్లాన్ని వెంటేసుకుని అదే హ్యాండిల్‌కి తిరిగొచ్చింది! అప్పటికి జడ్జి రిటైరైపోయాడు, ఆయన కొడుకొచ్చి గడియారం పట్టుకున్నాడు."

లైల్‌కి కాఫీ పొలమారింది. నదీన్ మాత్రం నవ్వలేదు. పేర్లిచ్చే గడువు ముంచుకొస్తోంది. ఈ కోతల్లో గింజ ఉందా, అంతా పొట్టేనా అన్నదే ఆమె గొడవ.

"ఇంతలో ఎన్నిసార్లు కాలు కింద పెట్టావ్?"

"ఒక్కసారి కూడా పెట్టలేదు! మా అమ్మ మీద ఒట్టు. నలభయ్యేళ్లలో పందెంలో ఈ కాళ్లు నేల ముట్టలేదు. ఇదిగో, ఇలా ఉంటాయి ఎప్పుడూ!" అని వర్జిల్ వెనక్కి వాలి, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచి, రెండు కాళ్లూ ఎత్తి బల్ల మీద పెట్టాడు, సరిగ్గా నదీన్ మొహానికి ఎదురుగా.

నదీన్ చూసింది. కుడి బూటు అడుగు దిట్టంగా ఉంది. ఎడమ బూటు అడుగు అరిగి అరిగి, మేజోడు కనబడుతోంది. మేజోడుకీ చిల్లే.

"వర్జిల్, కుడి బూటు నిన్న కొన్నట్టుంది. ఎడమ దానికి అడుగే లేదు. అదెక్కడికి పోయింది?"

గుడారమంతా గొల్లుమంది. "పిచ్చుక ఎత్తుకుపోయుంటుంది!" అని లైల్ బల్ల చరిచాడు.

వర్జిల్ చెవులు కందిపోయాయి. గబుక్కున కాళ్లు దించేసుకున్నాడు. నదీన్‌కి జాలేసింది.

"ఇప్పుడు నిజం చెప్పు. కాలు పెట్టకుండా ఎంతసేపు?"

"పదకొండు సెకన్లు," గొణిగాడు వర్జిల్. "నిరుడు. ఆ రోజు గాలి కూడా వీచలేదులే."

"నాకు కొరకడానికి నాలుగు చాలు," అంటూ లేచింది నదీన్. "పద, బండి తియ్యి. కాలు మాత్రం సాసేజ్ దాటాక పెట్టుకో."