గార్డు చేతికిచ్చిన రోజు

లూసియానా జైలు పత్తిచేలో ఎండ పొగలా ఊగుతోంది. సాలులో పత్తి తీస్తున్న ఖైదీకి అంతా కలలా ఉంది. పక్క సాలులో, శిక్షను సవాలు చేస్తూ అతని పిటిషన్ రాసిపెట్టిన ముసలి ఖైదీ.

"ఫెడరల్ జడ్జి నా పిటిషన్ చూస్తానన్నాడు, పెద్దాయనా! గడువు దాటాక చేరినా సరేనట."

"చేరిన రోజుతో పనేంట్రా? గడువులోపే గార్డు చేతికిచ్చావుగా. ఖైదీ విషయంలో అదే దాఖలు చేసినట్టు లెక్క."

"నేను చంపలేదంటే నమ్ముతాడా?"

"అదడగడు. రాష్ట్ర కోర్టు నీ విచారణ సరిగ్గా చేసిందా లేదా, అంతే."

"చాల్లే. ఆ మబ్బు చూడు, మా ఇంటివైపే పోతోంది."

"మబ్బులు చూడకు."

"ఏం?"

"నా పిటిషన్ గడువు ఆఖరిరోజు గార్డు ఉత్తరాల సంచితో నా ముందునుంచే పోయాడు. నేను మబ్బు చూస్తూ కూర్చున్నా. మర్నాడిచ్చాను. జడ్జి చదవనేలేదు."

"ఎన్నాళ్ళయింది?"

"ఇది ఇరవయ్యో పంట."